గ్రిడ్‌పై సైబర్ దాడి ముప్పు ఎంతో ముందే లెక్కగట్టి చెప్పాలి

2015 డిసెంబర్ 23 మధ్యాహ్నం పశ్చిమ ఉక్రెయిన్‌లోని ఇవానో-ఫ్రాంకివ్‌స్క్ విద్యుత్ కంట్రోల్ రూమ్‌లో, ఆపరేటర్లు చూస్తుండగానే కర్సర్ తనంతట తాను కదిలి సబ్‌స్టేషన్ల బ్రేకర్లను వరసగా ట్రిప్ చేసింది. మౌస్ వాళ్ల చేతిలోనే ఉంది, కానీ మాట వినలేదు. మూడు పంపిణీ సంస్థల పరిధిలో దాదాపు 2,25,000 మంది వినియోగదారులకు గంటల తరబడి కరెంటు పోయింది. సిబ్బంది సబ్‌స్టేషన్లకు వెళ్లి చేత్తో బ్రేకర్లు వేస్తే గానీ సరఫరా తిరిగి రాలేదు. ఇదేమీ ఉన్నట్టుండి వచ్చిపడిన ఆపద కాదు. దొంగ ఈమెయిళ్లతో దుండగులు నెలల ముందే లోపల తిష్ఠ వేశారు. నెల రోజుల కిందటే, రష్యా ఆక్రమించిన క్రిమియాకు కరెంటు తీసుకెళ్లే టవర్లను ఉక్రెయిన్ వైపున పేల్చేశారు. పగకు కారణం అందరి కళ్లముందే ఉంది.

మనకూ ఇది దూరపు ముచ్చట కాదు. చైనాతో గల్వాన్ ఘర్షణ తర్వాత, 2021 మార్చిలో, తెలంగాణ ట్రాన్స్‌కో, జెన్‌కోలపై చైనా ముఠా కన్నేసిందని కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ హెచ్చరించింది. దాడిని గమనించిన 6 గంటల్లో ఆ సంస్థకు తెలపాలన్న నిబంధన 2022లో వచ్చింది. అది జరిగిపోయాక చెప్పే కబురు. మనకు కావలసింది ముందుమాట. రాబోయే మూడు నెలల్లో సైబర్ దాడి వల్ల లక్ష ఇళ్లకు గంటకు మించి కరెంటు పోయే అవకాశం ఎంత శాతమో కేంద్రం ప్రకటించాలి. గడువు తీరాక ఆ అంచనా ఎంతవరకు నిలిచిందో కూడా ప్రకటించాలి. అంకె పెరిగినప్పుడు ప్రధాన సబ్‌స్టేషన్లలో చేత్తో నడపగల సిబ్బందిని ఉంచాలి. ఈ చివరి పని జరగకపోతే అంకె ఉత్త కాగితమే.

ఇంత అరుదైనదాన్ని ఎలా లెక్కగడతారని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2022లో రష్యా దండెత్తినప్పుడు సైబర్ దాడితో ఉక్రెయిన్ గ్రిడ్ కూలుతుందని చాలామంది భయపడ్డారు. ఆ ఏప్రిల్‌లో జరిగిన ప్రయత్నాన్ని ఉక్రెయిన్ అడ్డుకుంది, గ్రిడ్‌ను ఎక్కువగా దెబ్బతీసినవి క్షిపణులు, డ్రోన్లు. అంచనాలు తప్పుతాయి కాబట్టే వాటికి అంకె కావాలి. అంకె లేని జోస్యం ఎంత తప్పిందో తేల్చలేం, దిద్దుకోనూ లేం. శత్రువుకు ఉప్పందించినట్టవుతుందన్న భయం నిలవదు. ఏ సర్వర్ బలహీనమో మనం అడగడం లేదు. జనం బెదిరిపోతారన్న మాటకు కోస్తాయే జవాబు. తుపాను హెచ్చరిక విని మత్స్యకారులు పడవలు ఒడ్డుకు చేరుస్తున్నారు, హెచ్చరికలు దాచిపెట్టమని ఎవరూ కోరడం లేదు.

డిస్కంల టారిఫ్‌పై విద్యుత్ నియంత్రణ మండలి జరిపే బహిరంగ విచారణలో ఈ డిమాండ్‌ను రాతపూర్వకంగా ఇవ్వండి. మీ ఎంపీని పార్లమెంటులో అడగమనండి.