అడగని పాటను వినిపించేవారు

రేడియోకు కాలం చెల్లినదని ఈనాడు పలువురు భావిస్తున్నారు. కోరిన పాటను కోరిన క్షణంలో చేతిలోని ఫోనే వినిపిస్తుండగా, ఎవరో ఎక్కడో ఎంపిక చేసిన పాటకై చెవులు రిక్కించుకొని కూర్చోవలసిన అగత్యమేమున్నదని వారి వాదన. పైకి ఇది సమంజసంగానే తోస్తుంది. కాని మనం ఫర్మాయిష్ చేయగలిగేది మనకు పేరు తెలిసిన పాటను మాత్రమే. పేరైనా ఎరుగని పాటను మన చెవిని వేసేదెవరు? ఆ పని కూడ యంత్రమే చేస్తున్నదనవచ్చు. చేస్తున్న మాట నిజమే. నిన్న మనం విన్నదానిని బట్టి, అటువంటిదే మరొకటి తెచ్చి నేడు మన ముందు పెడుతున్నది. గానుగెద్దు నడక వంటిదే ఇదీ. నడక సాగుతూనే ఉంటుంది, ఊరు మాత్రం మారదు.

హాలండులోని ది హేగ్ నగరం నుండి 2008లో ఇంటర్‌గలాక్టిక్ ఎఫ్ఎం అనే అంతర్జాల రేడియో వెలువడింది. అంతకు ముందు దాని స్థానంలో సైబర్నెటిక్ బ్రాడ్‌కాస్టింగ్ సిస్టమ్ అనే కేంద్రముండేది. ఐ-ఎఫ్ అనే పేరుతో ప్రసిద్ధుడైన సంగీతకారుడు ఈ రెండింటికీ మూలపురుషుడు. 1970, 80 దశకాల నాటి ఎలక్ట్రానిక్ సంగీతం, డిస్కో, చలనచిత్రాల నేపథ్య సంగీతం, ఇవే దాని సంపద. ఈ మూడింటిని ఒక గూటికి చేర్చడం కొందరికి విడ్డూరంగా కనిపించవచ్చును. మాకట్లు తోచదు. మూడూ సింథసైజర్ అనే వాద్యం చేతిలో పెరిగినవే. జార్జియో మొరోడర్, పీట్ బెలాట్‌తో కలిసి మ్యూనిక్ నగరంలో రూపొందించి 1977లో డోనా సమ్మర్ చేత పాడించిన ‘ఐ ఫీల్ లవ్’ గీతంలో వాద్యబృందం స్థానాన్ని దాదాపు పూర్తిగా మూగ్ సింథసైజరే ఆక్రమించింది. మరుసటి ఏడే ఆయన ‘మిడ్‌నైట్ ఎక్స్‌ప్రెస్’ చిత్రానికి నేపథ్య సంగీతం కూర్చి ఆస్కార్ బహుమతి నందుకొన్నాడు. నృత్యశాల నుండి సినిమా హాలుకు నడిచిన దూరం అంతే. అదే 1978లో జాన్ కార్పెంటర్ తన ‘హాలోవీన్’ చిత్రానికి తానే సంగీతం సమకూర్చుకొన్నాడు. ఇక 1982 నాటి ‘బ్లేడ్ రన్నర్’ చిత్రానికి వాంగెలిస్ కూర్చిన అసలు సంగీతం అధికారికంగా శ్రోతల చేతికి అందినది 1994లోనే! ఇటువంటివాటిని వెదకి, దుమ్ము దులిపి, దేని పక్కన దేనిని ఉంచాలో ఎరిగి వినిపించేవాడు సేవకుడే గాని వర్తకుడు కాడు.

ఇదంతా పాశ్చాత్యుల గొడవ, మనకేల అని ప్రశ్నించే మిత్రులున్నారు. వారికి చరణ్‌జిత్ సింగ్ పేరు చెప్పవలసి ఉన్నది. బొంబాయి సినిమా వాద్యబృందాలలో వాయిద్యకారుడుగా జీవించిన ఆయన 1982లో పది రాగాలను డిస్కో తాళానికి కట్టి ఒక రికార్డు వెలువరించాడు. భైరవ్, యమన్, మాల్కౌన్స్ వంటి రాగాలు అందులో రోలాండ్ కంపెనీ వారి టీబీ-303, టీఆర్-808, జూపిటర్-8 యంత్రాలపై పలికాయి. ఆనాడు ఆ రికార్డును పట్టించుకొన్నవారు లేరు. ఐదేళ్ల తరువాత, 1987లో, చికాగోలో ఫ్యూచర్ బృందం అదే 303 యంత్రంతో ‘యాసిడ్ ట్రాక్స్’ వెలువరించగా ప్రపంచమంతా అదొక నూతన యుగమన్నది. సింగ్ రికార్డు 2010లో తిరిగి వెలుగు చూసింది. దానిని వెలికితీసినది హాలండుకు చెందిన బాంబే కనెక్షన్ అనే చిన్న సంస్థ. మన ఇంటి నిధిని పొరుగువాడు తవ్వి తీసి మనకే చూపవలసి రావడం మాకు కష్టంగానే ఉన్నది.

బెంగుళూరులో పుట్టిన బిద్దు లండనులో 1974లో ‘కుంగ్ ఫూ ఫైటింగ్’ రూపొందించాడు. 1980లో ‘ఖుర్బానీ’ చిత్రం కోసం కరాచీలో జన్మించిన నాజియా హసన్ అనే బాలికచేత పాడించాడు. మరుసటి ఏట వచ్చిన ‘డిస్కో దీవానే’ను ఉర్దూ తెలిసినవారికి పరిచయం చేయనక్కరలేదు.

అయితే ఈ కేంద్రాల మనుగడ గాలిలో దీపమే. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2000లో ఆరంభమైన సోమాఎఫ్ఎం వ్యాపార ప్రకటనలు లేకుండ, శ్రోతల విరాళాలతో నడిచే సంస్థ. 2002లో అమెరికా ప్రభుత్వం అంతర్జాల ప్రసారాలకు రుసుము నిర్ణయించింది: ఒక్కొక్క పాటకు, ఒక్కొక్క శ్రోతకు సెంటులో వందింట ఏడు వంతులు. వినడానికిది పిపీలికమే. కాని వెయ్యిమంది శ్రోతలకు గంటకు పదిహేను పాటల చొప్పున లెక్కించిన గంటకు పదిన్నర డాలర్లు, సంవత్సరానికి దాదాపు 92 వేల డాలర్లు! పైగా ఈ రుసుము 1998 నుండి వర్తించునన్నారు. మామూలు రేడియో కేంద్రాలు స్వరకర్తకు చెల్లించేవే గాని, ఆ దేశంలో రికార్డు యజమానికి ఒక్క సెంటు ఇచ్చినవి కావు. ఆ ఏడు సోమాఎఫ్ఎం కొన్ని నెలలపాటు మూగవోయింది. చిన్న కేంద్రాలకై ప్రత్యేక చట్టం వచ్చిన పిదపగాని ఊపిరి పీల్చుకొనలేదు. కళాకారునికి ప్రతిఫలం దక్కరాదని మేమనడం లేదు. ఉన్నవానికొక కొలత, లేనివానికొక కొలత ఏమి న్యాయమని మాత్రమే అడుగుచున్నాము.

ఇక తెలుగు సంగతి. మన గ్రామఫోను కంపెనీలు చిత్రాలలోని పాటలను అమ్మినవే గాని, నేపథ్య సంగీతాన్ని విడిగా ప్రచురించడం బహు అరుదు. పాట ముగిసి మాట మొదలయ్యే చోట వయొలిన్‌లు, వీణలు, తరువాతి కాలంలో సింథసైజర్‌లు పలికిన వేలాది గంటల సంగీతం సంభాషణల అడుగున అణగి ఉన్నది. ఫిల్ము పాడైతే దానితోపాటే అదీ పోతుంది. దానిని వేరుచేసి వినిపించే తెలుగు అంతర్జాల రేడియో వెలసిన ఎంత బాగుండును!

కాని అడ్డంకి సాంకేతికమైనది కాదు, చట్టపరమైనది. ప్రసారకర్తలు నిర్ణీత రుసుము చెల్లించి ఏ రికార్డునైనా వినిపించుకొనేందుకు కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 31-డి నిబంధన వీలు కల్పిస్తున్నది. అంతర్జాలానికి అది వర్తించదని బొంబాయి హైకోర్టు 2019లో తీర్పు చెప్పింది. 2022లో ఆ న్యాయస్థానపు ద్విసభ్య ధర్మాసనం కూడ దానినే సమర్థించింది. అనగా చిన్న అంతర్జాల కేంద్రమైనా ప్రతి హక్కుదారుని గడప తొక్కి, అతడు చెప్పిన ధరకు తలయొగ్గవలసిందే. టవరు నుండి వచ్చిన పాటకొక ధర్మం, తీగ గుండా వచ్చిన పాటకొక ధర్మం ఉండవచ్చునా అనే విషయంపై రాబోయే విద్యాసంవత్సరంలో మన కళాశాల వక్తృత్వ సంఘం ఒక చర్చ ఏర్పాటు చేయాలని మా కోరిక. ప్రతిపక్షం వాదించడానికి మాలోనే ఇద్దరు ఇప్పటికే సిద్ధంగా ఉన్నారు.