ఎర్రదీపం

ఈ వారం ముందుగా కాకినాడ సోదరి ఉత్తరం. ఆమె యింట్లో ‘నాస్’ అనే పెట్టె ఉన్నది. అందులో రెండు డిస్కులు. కీర్తిశేషులైన భర్తగారి ఫోటోలు, ఆయన మాట్లాడిన వీడియోలు, పిల్లల పెళ్ళిళ్ళు అన్నీ అందులోనే. పదిరోజులుగా పెట్టెమీద ఒక దీపం ఎర్రగా వెలుగుతున్నదట. ‘ఫోటోలు మామూలుగానే కనబడుతున్నాయి. మా అబ్బాయి అమెరికానుంచి సంక్రాంతికి వస్తాడు. అంతవరకూ ఆగవచ్చునా?’ అని అడుగుతున్నారు.

ఆగకూడదమ్మా. ఇటువంటి పెట్టెల్లో సాధారణంగా దాచే ప్రతి వస్తువూ రెండు డిస్కులమీదా పడుతుంది. ఒకటి చెడితే రెండోది పని నడిపిస్తుంది. అందుచేతనే మీకు తేడా తెలియడంలేదు. కాని యిప్పుడు మీకు మిగిలినది ఒక్కటే ప్రతి. అదీ చెడినదానితో పాటు కొన్నదే అయితే, దాని వయస్సూ అంతే.

కొత్త డిస్కు పెట్టడం రెండో పని. ముందు యూ.ఎస్.బి. తో తగిలించే డిస్కు ఒకటి కొని, కావలసినవన్నీ దానిలోకి నకలు తీయించండి. కంప్యూటరు తెలిసిన కుర్రవాడెవరైనా చేసిపెడతాడు. యెందుకంటే, కొత్తది పెట్టగానే పెట్టె పాతదాన్ని మొదటినుంచి చివరిదాకా చదివి నకలు దింపుతుంది. 4 టెరాబైట్ల డిస్కయితే, సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున నడిచినా ఏడుగంటలు దాటుతుంది. పాత డిస్కుకు అది పెద్ద చాకిరీ. అది కూడా ఆ మధ్యలోనే చెడిపోవడం కద్దు.

చెడినది ఏదో తేల్చుకోకుండా పెట్టెమీద చెయ్యి వేయవద్దు. కంప్యూటరు తెరమీద చెడిన డిస్కు సీరియల్ నంబరు కనబడుతుంది. డిస్కుమీది కాగితంతో సరిచూడండి. మంచిదాన్ని లాగివేస్తే ఉన్న ఒక్క ప్రతికీ ముప్పు. కొత్తది పాతదానికన్న చిన్నది కాకూడదు. దుకాణంలో ‘సీ.ఎం.ఆర్.’ రకం అని అడగండి. రెండో రకంలో గీతలు పెంకుటింటి కప్పులాగ ఒకదానిమీద ఒకటి కొంత ఎక్కి ఉంటాయి, తిరగరాయడం ఆలస్యం. నాస్ పెట్టెలకనే అమ్మిన కొన్ని డిస్కులు కూడా ఈ రకమేనని 2020లో బయటపడి పెద్ద రభస అయింది.

వరంగల్ పాఠకుని బాధ వేరు. డిస్కులు బాగానే ఉన్నాయి, చోటు చాలడంలేదు. రెండు 2 టెరాబైట్లవి తీసి 4 వి పెట్టాలని ఆయన కోరిక. నకలు ముందు తీసుకోవలసిందే. తరవాత ఒక్కొక్కటే మార్చాలి. మొదటిది పూర్తిగా నిండిందని పెట్టె చెప్పిన తరవాతే రెండోది. ఒకటి మార్చగానే చోటు పెరగలేదని కంగారు పడవద్దు. రెంటిలో చిన్నదాని కొలతే లెక్క. రెండూ మారాక, చాలా పెట్టెల్లో, చోటు పెంచమని మనమే చెప్పాలి. అప్పుడు కూడా 3.6 అని చూపవచ్చు. దుకాణదారును దెబ్బలాడకండి. తయారుచేసేవారు వెయ్యి చొప్పున లెక్కిస్తారు, యంత్రం 1024 చొప్పున.

రెండు డిస్కులున్నాయి గనుక భయంలేదని అమ్మేవారు చెబుతారు. నాకు ఆ మాట నచ్చదు. మనవడు పొరపాటున ఒక ఫోటో తుడిచివేస్తే రెండింటిలోనూ పోతుంది. పిడుగు పడినా, దొంగ పట్టుకుపోయినా అంతే. అమ్మా, మీరు తీయించే ఆ నకలు మీ యింట్లో కాక, దగ్గరి బంధువుల యింట ఉంచండి. చెడిన డిస్కును మాత్రం పాతసామాన్లవాడికి వేయకండి. దానిలో మీ బొమ్మలు యింకా ఉండవచ్చు.