పంపకంతో పాటు పద్ధతీ ముఖ్యమే

డబ్బు పంచుకునే చోట తగవు తప్పదు. అది ఇంట్లోనైనా, సంఘంలోనైనా, దేశంలోనైనా ఒకటే. తగవు వచ్చినందుకు ఎవరూ సిగ్గుపడనక్కరలేదు. అది ఏ పద్ధతిలో తీరింది, తీరేలోగా ఎవరు నలిగిపోయారు అన్నవే అడగవలసిన ప్రశ్నలు. 2020లో కెన్యా సెనేట్‌లో జరిగిన నిధుల పంపకం వివాదం ఈ రెండు ప్రశ్నలనూ మన ముందుంచుతుంది.

2010 ఆగస్టు 27న అమలులోకి వచ్చిన కొత్త రాజ్యాంగం కెన్యాను 47 కౌంటీలుగా విభజించింది. మన జిల్లాల వంటివే అయినా, వాటికి సొంత గవర్నరు, సొంత శాసనసభ ఉంటాయి. ఆసుపత్రులు, వ్యవసాయం, స్థానిక రహదారులు వాటి బాధ్యత. ఆడిట్ పూర్తయి జాతీయ సభ ఆమోదం పొందిన చివరి లెక్కల ప్రకారం, దేశ ఆదాయంలో కనీసం 15 శాతం కౌంటీలకు చేరాలి. అలా వచ్చిన మొత్తాన్ని కౌంటీల మధ్య ఏ సూత్రం ప్రకారం పంచాలో ఐదేళ్లకొకసారి నిర్ణయించే పని సెనేట్‌ది. అక్కడ కౌంటీకి ఒక్క ఓటే. లక్షలాది జనం ఉన్న చోటైనా, ఎడారి అంచున ఉన్న చోటైనా ఓటు విలువ సమానం. 24 కౌంటీలు ఒప్పుకుంటేనే తీర్మానం నెగ్గుతుంది.

2020లో మూడో సూత్రం చర్చకు వచ్చింది. అప్పుడు పంచవలసిన మొత్తం 31,650 కోట్ల షిల్లింగులు. జనాభాకు ఎక్కువ విలువ ఇవ్వాలన్నది ఒక వర్గం వాదన. 'ఒక మనిషి, ఒక ఓటు, ఒక షిల్లింగ్' అన్నది వారి నినాదం. ఈ వాదనను తేలికగా కొట్టివేయలేము. కిక్కిరిసిన కౌంటీలో ఒక్క ఆసుపత్రి ముందు బారులు తీరే రోగులు కూడా ఆ దేశ పౌరులే. అయితే మొత్తం పెరగకుండా సూత్రం మాత్రం మారితే మండేరా, వాజిర్, మర్సాబిట్ వంటి ఉత్తరాది కౌంటీలు తమకు వస్తున్న దానిలో పెద్ద భాగం కోల్పోతాయి. ఆ ప్రాంతాల వెనుకబాటు నిన్న మొన్నటిది కాదు. ఎక్కువ ఫలసాయం ఇచ్చే ప్రాంతాలలోనే ముందుగా పెట్టుబడి పెట్టాలని 1965లో కెన్యా ప్రభుత్వం విధానపత్రంలోనే రాసుకుంది. దశాబ్దాల పాటు రోడ్డూ నీరూ అందని చోట జనం తక్కువగా ఉన్నారని ఇప్పుడు డబ్బు కూడా తగ్గించడం న్యాయమేనా? వారి ప్రతినిధులు అడిగింది ఇదే.

ఈ చర్చలో ముందు నిలిచినవారిలో ఒకరు అప్పటి నైరోబీ సెనేటర్ జాన్సన్ సకాజా. దేశంలో అన్నిటికంటే ఎక్కువ జనం ఉన్న నగరానికి ప్రతినిధి కనుక జనాభా సూత్రాన్ని సమర్థిస్తారని ఎవరైనా అనుకుంటారు. కానీ ఏ కౌంటీకీ ఇప్పుడున్నది తగ్గకూడదని వాదించిన 'టీమ్ కెన్యా' బృందంలో ఆయన ముఖ్యుడయ్యారు. పాత మొత్తాన్ని పాత సూత్రం ప్రకారమే ఉంచి, పైన వచ్చిన దానిని కొత్త సూత్రం ప్రకారం పంచుకుందామన్నది ఆయన ప్రతిపాదనలోని సారాంశం. పార్టీ గీతలు దాటి రెండు పక్షాలవారూ ఆ బృందంలో కలిశారు.

ఆగస్టు 17న వ్యవహారం మలుపు తిరిగింది. ఓటింగ్ జరగవలసిన ఆ రోజే, ప్రతిపాదిత సూత్రాన్ని వ్యతిరేకిస్తున్న ముగ్గురు సెనేటర్లను పోలీసులు అరెస్టు చేశారు. వారు కకమేగాకు చెందిన క్లియోఫస్ మలాలా, బొమెట్‌కు చెందిన క్రిస్టఫర్ లంగాట్, సంబురుకు చెందిన స్టీవ్ లెలెగ్వే. కౌంటీకి ఒక్క ఓటే ఉన్న సభలో ఒక సెనేటర్‌ను అడ్డుకుంటే ఆ కౌంటీ మొత్తం నోరు నొక్కినట్టే. అందుకే సభలో నిరసన వెల్లువెత్తింది. ఓటింగ్ ఆగింది. 12 మంది సభ్యులతో ఒక సంఘాన్ని నియమించి, సకాజా, మోజెస్ వెటాంగులా ఇద్దరికీ నాయకత్వం అప్పగించారు. లెక్కల బలంతో గెలవాలనుకున్నవారు చివరకు కూర్చుని మాట్లాడుకోవలసి వచ్చింది.

సెప్టెంబరు 17న ఒప్పందం కుదిరింది. ఆ ఏడాదికి పాత సూత్రమే కొనసాగుతుంది. మరుసటి ఏడాది మొత్తం 37,000 కోట్ల షిల్లింగులకు పెరిగాక కొత్త సూత్రం అమలవుతుంది. అప్పుడు కూడా 2019-20లో ఒక్కో కౌంటీకి వచ్చిన దానిలో సగం ముందుగా దానికే ఉంచి, మిగిలినదే కొత్తగా పంచుతారు. ఆ మిగిలిన భాగంలో జనాభాకు 18 శాతం, ఆరోగ్యానికి 17 శాతం, పేదరికానికి 14 శాతం విలువ ఇచ్చారు. అన్ని కౌంటీలకూ సమానంగా 20 శాతం పంచారు. 2025లో వచ్చిన నాలుగో సూత్రంలోనూ పాత వాటాలను కాపాడి, పైమొత్తాన్ని పంచే పద్ధతినే అనుసరించారు.

ఇక్కడ రెండు చేదు నిజాలు దాచకూడదు. మొదటిది, ఈ శాంతి ఊరికే రాలేదు. అదనంగా 5,350 కోట్ల షిల్లింగులు దొరికాయి కనుకనే ఎవరికీ తగ్గకుండా పంచగలిగారు. సభ తేల్చేలోగా కౌంటీలకు నిధులు అందలేదు. కరోనా కాలంలో ఆరోగ్య సిబ్బంది సహా ఉద్యోగులు జీతాల కోసం ఎదురుచూశారు. న్యాయం కోసం జరిగిన జాప్యానికి కూడా మూల్యం చెల్లించింది సామాన్యులే. రెండవది, కరోనాపై సెనేట్ వేసిన సంఘానికి అధ్యక్షుడిగా ఉన్న సకాజాయే ఆ జూలైలో కర్ఫ్యూ ఉల్లంఘించి పట్టుబడ్డారు. క్షమాపణ చెప్పి, పదవి వదులుకుని, కోర్టులో తప్పు ఒప్పుకుని జరిమానా కట్టారు. మంచి వాదన చేసిన వ్యక్తిని మచ్చలేనివాడిగా చూపనవసరం లేదు. నియమం మనుషులందరి కంటే పెద్దది అనడానికి ఆయన జీవితమే రుజువు. 2022 నుండి ఆయన నైరోబీ గవర్నరు. పంపకం గురించి వాదించిన వ్యక్తి ఇప్పుడు పంపకంలో వచ్చిన దానికి లెక్క చెప్పవలసిన స్థానంలో ఉన్నారు.

పద్ధతి గురించిన పోరాటం అంతటితో ఆగలేదు. అదే ఏడాది అక్టోబరు 29న, సెనేట్‌ను పక్కనబెట్టి జాతీయ సభ ఒక్కటే ఆమోదించిన 23 చట్టాలు చెల్లవని కెన్యా హైకోర్టు చెప్పింది. అప్పీలు కోర్టు తరువాత ఆ తీర్పును కొంత మార్చినా, ఒక బిల్లు కౌంటీలకు సంబంధించినదా కాదా అన్నది ఒక్క సభ ఇష్టానికి వదలరాదన్న హెచ్చరిక మిగిలింది.

ఇవి మనకు పరాయి ప్రశ్నలు కావు. 14వ ఆర్థిక సంఘం నాటికి కేంద్ర పన్నుల పంపకంలో ఆంధ్రప్రదేశ్ వాటా 4.305 శాతం, తెలంగాణ వాటా 2.437 శాతం. 15వ సంఘం వాటిని 4.047కు, 2.102కు తగ్గించింది. జనాభాను అదుపు చేసుకున్న రాష్ట్రాలు నష్టపోవాలా అని మనమూ అడుగుతున్నాము. 2016లో ఆధార్ బిల్లును ద్రవ్య బిల్లుగా పరిగణించినప్పుడు రాజ్యసభ మాటకు విలువెంత అన్న ప్రశ్న ఇక్కడా లేచింది. మనకు తగ్గినప్పుడు న్యాయం అడిగే మనం, మనకంటే పేద రాష్ట్రానికి పెరిగినప్పుడు ఏమంటామన్నది కూడా ఆలోచించాలి.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో తొలి సంఘం ఎదుర్కొన్నదీ పంపకం సమస్యే. అనుదిన పరిచర్యలో కొందరు విధవరాండ్రకు అందడం లేదన్న సణుగును పెద్దలు అణచలేదు. అందరినీ పిలిచి, అందరి సమ్మతితో ఏడుగురిని ఏర్పరచి పద్ధతిని సరిచేశారు. బలహీనుడికి ఓటు, మాట, లెక్క చూసే హక్కు ఉన్నంతవరకే అతని వాటా భద్రం. సంఘంలో వార్షిక లెక్కలు చదివే రోజైనా, దేశంలో బడ్జెట్ చదివే రోజైనా, ఆ హక్కు ఎవరి చేతిలోంచి జారిపోతోందో ముందుగా గమనించడం మన బాధ్యత.