బీపీ మాత్ర కూడా రైతు సమస్యే

ఒళ్లొంచి పనిచేసేవాళ్లకు గుండెజబ్బు రాదని, అది ఏసీ గదుల్లో కూర్చునేవాళ్ల రోగమని మన ఊళ్లలో ఇప్పటికీ అంటుంటారు. ఛాతీలో పట్టేసినట్టుంటే గ్యాస్ అనుకుని సోడా తాగుతాం. పొలం గట్టు మీద ఎవరన్నా కూలిపోతే ఎండదెబ్బ అనుకుంటాం. లెక్కలు మాత్రం వేరే చెబుతున్నాయి.

ఉమ్మడి రాష్ట్రంలో 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో ఒక పరిశోధన జరిగింది. ఏడాదిలో చనిపోయినవాళ్ల ఇళ్లకు వెళ్లి, చివరి రోజుల్లో ఏం జరిగిందో ఇంట్లోవాళ్లను అడిగారు. ఆ వివరాలు చూసి డాక్టర్లు చావుకు కారణం తేల్చారు. మొత్తం 1,354 చావుల్లో నూటికి 32 గుండెపోటు, పక్షవాతం లాంటి గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. అంటురోగాల వాటా 12. ప్రమాదాలు, ఆత్మహత్యలు, పాముకాట్లు లాంటివన్నీ కలిపితే 13. అవన్నీ వరి పండించే పల్లెలే. అప్పటికీ ఇప్పటికీ ఇరవై ఏళ్లు గడిచాయి. ఈలోగా నాగలి పోయి ట్రాక్టర్ వచ్చింది, పొలానికి నడక పోయి బండి వచ్చింది.

ఇంకో పెద్ద పరిశోధన 52 దేశాల్లో జరిగింది. పేరు ఇంటర్‌హార్ట్, ఫలితాలు 2004లో వచ్చాయి. మొదటిసారి గుండెపోటు వచ్చినవాళ్లను, రానివాళ్లను పోల్చి చూస్తే, ప్రమాదంలో నూటికి తొంభై వంతులు తొమ్మిది కారణాల్లోనే తేలింది. పొగాకు, బీపీ, షుగర్, రక్తంలో చెడు కొవ్వు, పొట్ట, మానసిక ఒత్తిడి, కూరగాయలు పండ్లు తినకపోవడం, ఒంటికి పని లేకపోవడం, మద్యం అలవాట్లు. మన దేశం, చుట్టుపక్కల దేశాలవాళ్లకు ఆ మొదటి పోటు సగటున 53 ఏళ్లకే వస్తోందనీ, మిగతా దేశాలవాళ్లకు 59 దాకా ఆగుతోందనీ కూడా తేలింది. 53 ఏళ్లంటే బిడ్డ పెళ్లి అప్పు తీరని, కొడుకు చదువు పూర్తికాని వయసు.

ఆ తొమ్మిదిలో ఒత్తిడి ఉందని గమనించండి. అందులో డబ్బు ఇబ్బందిని కూడా ప్రత్యేకంగా అడిగి రాసుకున్నారు. మద్దతు ధర, రుణమాఫీ, కౌలు రైతుకు గుర్తింపు అని మనం అడిగేవి గుండెకు కూడా సంబంధించినవే. 'టెన్షన్ పడకు' అని చీటీ రాసే డాక్టరు గారికి మిత్తి లెక్క తెలియదు కదా.

బీడీ సంగతి కూడా చెప్పాలి. అదే పరిశోధనలో బీడీలు మాత్రమే తాగేవాళ్లకు గుండెపోటు ప్రమాదం దాదాపు మూడు రెట్లు కనిపించింది. పొగాకు నమిలేవాళ్లకు రెండు రెట్లు దాటింది. బీడీలు చుట్టి ఇల్లు నడుపుకునే అక్కచెల్లెళ్ల మీద మాకు కోపం లేదు. వాళ్లకు వేరే పని చూపించాల్సిన బాధ్యత సర్కారుది. తాగడం మానాల్సింది మాత్రం మనమే.

అన్నిటికంటే తేలిగ్గా పట్టుకోగలిగింది బీపీ. అది నొప్పి పెట్టదు, చప్పుడు చేయదు. బోరు మోటారుకు హైఓల్టేజీ వచ్చినట్టే, కాయిల్ కాలేదాకా తెలియదు. మిషన్ పెట్టి చూస్తేనే బయటపడుతుంది. 140/90 దాటి ఉంటే రోజూ మాత్ర వేసుకోవాలి. రెండు నెలలు వేసుకుని, నార్మల్‌కు వచ్చిందని ఆపేసేవాళ్లు మనలో చాలామంది. నార్మల్‌కు తెచ్చింది ఆ మాత్రే. ఆపితే మళ్లీ పెరుగుతుంది.

2017 చివర్లో భారత వైద్య పరిశోధన మండలి, కేంద్ర ఆరోగ్య శాఖ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి బీపీ అదుపు కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు మొదటి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఉంది. పద్ధతి చాలా మామూలుది. ఏ మందు ఎప్పుడు ఇవ్వాలో ముందే ఖాయం చేస్తారు, నెలకు సరిపడా ఉచితంగా ఇస్తారు, రానివాళ్లను నర్సు, ఆశా వెతికి పిలుస్తారు. అయితే మాత్రలు అయిపోయిన నెలలో ఇదంతా ఆగిపోతుంది. కూలి వదులుకుని మండలానికి పోయినవాడు ఉత్త చేతులతో వస్తే మళ్లీ పోడు.

రైతుబీమా కింద 59 ఏళ్లలోపు రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు వస్తాయి. ఆరోగ్యశ్రీని 10 లక్షలకు పెంచారు. ఇవి ఉండాల్సిందే, వద్దనడం లేదు. గుండె ఆగాక లక్షలిచ్చే సర్కారు, ఆగకముందు వేసుకునే చవక మాత్రను ప్రతి పల్లె దవాఖానాలో పన్నెండు నెలలూ ఎందుకు ఉంచలేదు?

ఉప్పు గురించి కూడా కొంచెం. రోజుకు 5 గ్రాములలోపు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. తెలుగు నేల మీద మూత్రం పరీక్షించి చూస్తే 9 గ్రాములు దాటింది. చెమట పట్టేవాళ్లకు ఉప్పు కావాలి కదా అంటారు. కావాలి, అందుకు 5 గ్రాములు మానమని ఎవరూ అనడం లేదు. పచ్చడి, పాపడ్, పైన చల్లుకునే ఉప్పు తగ్గించమనే. చైనాలో 600 పల్లెల్లో, దాదాపు 21 వేల మందితో, సోడియం కొంత తీసి పొటాషియం కలిపిన ఉప్పు ఐదేళ్లు వాడి చూస్తే పక్షవాతం నూటికి 14 వంతులు తగ్గింది. మన సిద్దిపేట వైపు పల్లెల్లో కూడా బీపీ ఉన్న 502 మందిలో కొందరికి అలాంటి ఉప్పు, మిగతావాళ్లకు మామూలు ఉప్పు ఇచ్చి పోల్చి చూశారు. మూడు నెలల్లో పై బీపీ సగటున నాలుగున్నర పాయింట్లు తగ్గింది. కానీ కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు ఈ ఉప్పు ప్రమాదం. శ్రీకాకుళం ఉద్దానం లాంటి చోట దీన్ని అందరికీ పంచితే ప్రాణాల మీదికొస్తుంది. కిడ్నీ పరీక్ష చేయించి, డాక్టరు సరేనన్నాకే వాడాలి.

మా డిమాండ్లు: పల్లె దవాఖానాల్లో బీపీ, షుగర్ మందులు ఎప్పుడూ రెండు నెలల నిల్వ ఉండాలి. ముప్పై దాటిన ప్రతి రైతుకు, కౌలు రైతుకు, కూలీకి ఏడాదికోసారి బీపీ, షుగర్, కిడ్నీ పరీక్ష ఊళ్లోనే జరగాలి. యాసంగి వడ్లు పోసి కొనుగోలు కేంద్రాల్లో రోజుల తరబడి కాపలా కాస్తున్నాం కదా, అక్కడే ఒక ఆశా, ఒక బీపీ మిషన్ పెట్టాలి. గ్రామ కమిటీలు తమ ఊరి దవాఖానాకు వెళ్లి, ఈ నెల ఏ మాత్రలు ఉన్నాయో, ఏవి లేవో, ఎన్ని రోజులుగా లేవో రాసుకుని మండల కమిటీకి పంపాలి. ఆ కాగితాలతోనే కలెక్టర్ దగ్గరికి పోదాం.