సూది మొన నుంచి గూడెం దాకా



ఇన్వెన్షన్ అనగానే మన పిల్లలకి రాకెట్, రోబో గుర్తొస్తాయి. మేము ఈ పోస్టులో ఒక చిన్న సూది గురించి చెప్తాం. మశూచిని ప్రపంచం నుంచి తరిమేసిన పనిలో టీకా మందుకి ఎంత పేరుందో, ఈ సూదికీ అంత రావాలి.

1960ల్లో అమెరికాలో వైయెత్ కంపెనీలో పనిచేసే బెంజమిన్ రూబిన్ ఒక కుట్టుమిషన్ సూది తీసుకుని, దారం ఎక్కించే కన్ను దగ్గర కొస అరగదీయించాడు. కన్ను తెరుచుకుని చిన్న పంగలా తయారైంది. మందులో ముంచితే ఆ రెండు మొనల మధ్య ఒక్క చుక్క నిలబడుతుంది. చర్మం మీద గబగబా 15 పోట్లు పొడిస్తే చాలు. పాత పద్ధతిలో 25 మందికి సరిపోయే మందు 100 మందికి వచ్చింది. సూదిని ఉడకబెట్టి మళ్లీ మళ్లీ వాడారు. అన్నిటికంటే ముఖ్యం, దీనికి డాక్టరే అక్కర్లేదు. ఊళ్లోవాళ్లకి కాసేపు నేర్పిస్తే వేసేసేవాళ్లు. డబ్ల్యూహెచ్‌ఓ దగ్గర కంపెనీ రాయల్టీ కూడా అడగలేదు. 1975 మేలో మన దేశంలో చివరి కేసు వచ్చింది. 1980లో ప్రపంచంలోనే మశూచి లేదని ప్రకటించారు.

ఇప్పటి సూదుల వెనక కూడా లోహం పనే ఉంది. సన్నని స్టీలు గొట్టాన్ని ఏటవాలుగా నూరితే అంచున గరుకు మిగుల్తుంది. దాన్ని యాసిడ్ ద్రావణంలో ముంచి, కరెంటు పాజిటివ్ వైపు కలిపితే ఎత్తుగా ఉన్న గరుకు ముందు కరిగిపోయి నున్నగా అవుతుంది. దీన్నే ఎలక్ట్రోపాలిషింగ్ అంటారు. ఐటీఐ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇది మీకు అందని పని కాదు. ఆదిలాబాద్ వైపు మన ఓజ కళాకారులు మైనం అచ్చుతో ఇత్తడి పోతపోసి, ఆకురాయితో అరగదీసి మెరుగుపెట్టడం ఎప్పట్నుంచో చేస్తున్నారు. ఆదిలాబాద్ డోక్రాకి 2018లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది.

కానీ సూది ఎంత నున్నగా ఉన్నా, అది మన దగ్గరికి వచ్చే తీరు గరుకుగా ఉంటే లాభం లేదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల అమ్మాయిలకి హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు నడిచింది. వాళ్లలో హాస్టళ్లలో చదివే ఆదివాసీ అమ్మాయిలు చాలామంది. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు చాలా ఫారాల మీద వార్డెన్లు పెట్టేశారు. కొందరు అమ్మాయిలు చనిపోయారన్న వార్తల తర్వాత 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. ఆ మరణాలకి టీకా కారణం కాకపోవచ్చని విచారణ కమిటీ చెప్పింది. అయితే అనుమతులు తీసుకున్న పద్ధతిని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది.

మేము టీకాకి వ్యతిరేకం కాదు. మన పిల్లలకి అన్ని టీకాలూ సమయానికి పడాలి. మా వాదన ఒక్కటే: అమ్మానాన్నలకి అర్థమయ్యేలా చెప్పడం కూడా టీకా అందించడంలో భాగమే. కోయ, గోండి, కువి, సవర మాట్లాడే తల్లికి ఆమె భాషలోనే చెప్పాలి. చెప్పాకే సంతకం అడగాలి. రూబిన్ సూది ఊరివాళ్ల చేతికి వచ్చింది కాబట్టే ఊరూరా తిరిగింది. మాట కూడా మన చేతికి రావాలి.

నర్సింగ్, ఫార్మసీ చదివే అక్కలూ అన్నలూ, ఈసారి సెలవులకి ఊరెళ్తే టీకాల రోజున ఏఎన్ఎం అక్కతో పాటు కూర్చోండి. సీసా లేబుల్ మీద వలయం, దాని మధ్యలో చిన్న చదరం ఉంటాయి. మందుకి వేడి తగిలేకొద్దీ చదరం ముదురుతుంది. దాని రంగు వలయంతో సమానమైతే ఆ మందు వాడకూడదు. ఈ గుర్తు అక్కడికొచ్చిన తల్లులకి మీ భాషలో చూపించండి. వాళ్లు అడిగే ప్రశ్నలు రాసుకొచ్చి ఇక్కడ పెట్టండి. అన్నీ కలిపి మన భాషల్లో ఒక పేజీ తయారుచేసి ఐటీడీఏకి ఇద్దాం.

జై ఆదివాసీ.