జాలం చేరని బడికి ఒక పెట్టె

బడికి అంతర్జాలం వచ్చేదాకా పిల్లల చదువు ఆగనక్కరలేదని నా అభిప్రాయం. 2012లో వెలువడిన రాస్ప్‌బెర్రీ పై అరచేతిలో ఇమిడే కంప్యూటరు. 2016 నాటి నమూనాతో వైఫై కూడా అందులోనే చేరింది. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరునూ, తెవికీ ప్రతినీ దానిలో నిక్షిప్తం చేస్తే, తరగతిలోని పాత ల్యాప్‌టాపులలోనూ, ఫోన్లలోనూ నెట్ లేకుండానే ఆ వ్యాసాలు తెరుచుకుంటాయి.

అయితే పెట్టెను బహూకరించడంతో పని పూర్తికాదు. మెమరీ కార్డు చెడిపోతుంది, కరెంటు పోతుంది, ప్రతి పాతబడుతుంది. 1935లో పెదవడ్లపూడి కాలువ మీద పడవ గ్రంథాలయం నడిచింది. పుస్తకాలను చేర్చే మనుషులు ఉన్నారు గనుకనే నడిచింది. ఆరునెలలకొకసారి కొత్త ప్రతిని పెన్‌డ్రైవులో తెచ్చే పూనికను ఒక్క పంతులుగారిపై మోపక, పూర్వవిద్యార్థులూ ఊరివారూ పంచుకోవాలి. కార్డు ఖర్చూ వారే భరించాలి. తమదనుకున్న వస్తువునే జనం కాపాడుకుంటారు.

మరి మన వంతు? ఆ పెట్టెలోకి వెళ్ళేవి 2003 డిసెంబరు నుండి తెలుగువారు రాస్తూ వచ్చిన వ్యాసాలే. మొలక వ్యాసం ఎదురైతే మనం మరోచోట వెతుక్కుంటాం. ఆ పిల్లలకు మరోచోటు లేదు. అందుచేత బడి పాఠాలకు పనికివచ్చే ఒక్కొక్క మొలకనైనా తలా ఒకటి పూర్తి వ్యాసంగా పెంచుదాం. పెట్టె కొనడంకన్నా ముందు చేయవలసిన దానం అదే.