నేల వాటాను లెక్కవేద్దాం

పైరుకు నత్రజని ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే మనలో చాలామంది తడుముకోకుండా “యూరియా బస్తా నుంచి” అంటాం. ఆ జవాబు సగమే నిజం. ఎరువు వేసిన చేలో కూడా పైరు తీసుకునే నత్రజనిలో చెప్పుకోదగ్గ భాగం నేల నుంచే వస్తుంది. ఆ వాటా ఎంతో చూడకుండా ఎరువు వేయడం, ఇంట్లో గింజలెన్ని ఉన్నాయో చూడకుండా అప్పుచేసి బియ్యం కొనడం వంటిదని నా అభిప్రాయం.

నేలలోని నత్రజనిలో 90 శాతానికి పైగా సేంద్రియ పదార్థంలో, అంటే కుళ్ళిన ఆకులు, వేళ్ళు, పేడ వంటి వాటిలో చిక్కుకుని ఉంటుంది. ఆ రూపంలో పైరుకు అది అందదు. సూక్ష్మజీవులు ఆహారం కోసం ఆ పదార్థాన్ని విడగొట్టినప్పుడు, వాటికి అక్కరలేని నత్రజని అమ్మోనియం రూపంలో బయటపడుతుంది. దీనినే ఖనిజీకరణం అంటారు. మెట్ట నేలల్లో మరికొన్ని బాక్టీరియాలు ఆ అమ్మోనియంను నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ రెంటినీ వేళ్ళు పీల్చుకోగలవు.

ఒక చిన్న లెక్క వేద్దాం. హెక్టారు పొలంలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 20 లక్షల కిలోలు తూగుతుంది. అందులో సేంద్రియ కర్బనం 0.5 శాతం ఉందనుకోండి. అంటే 10,000 కిలోలు. నత్రజని అందులో దాదాపు పదో వంతు, అంటే 1,000 కిలోలు. ఏడాదిలో దీనిలో 2 శాతం విడుదలైతే 20 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని కూడా ఇంచుమించు ఇంతే! పక్క చేలో కర్బనం 1 శాతం ఉంటే అక్కడ నేల రెండు బస్తాల పని చేస్తుంది. మరి రెండు చేలకూ ఒకే మోతాదు ఎలా సరిపోతుంది?

అలాగని ఎరువే అక్కరలేదనడమూ సరికాదు. టన్ను ధాన్యం పండటానికి వరి సుమారు 15 నుంచి 20 కిలోల నత్రజని తీసుకుంటుంది. హెక్టారుకు 5 టన్నులు పండాలంటే పై లెక్కలోని 20 కిలోలు చాలవు. లోటు ఎంతో తెలుసుకుని, అంతవరకే పూడ్చాలి.

ఎంత వేయాలన్నదే కాదు, ఎప్పుడు వేయాలన్నదీ ముఖ్యమే. ఎండిన నేల తొలకరికి తడవగానే సూక్ష్మజీవులు చురుకై నత్రజనిని ఒక్కసారిగా విడుదల చేస్తాయి. తూర్పు ఆఫ్రికా నేలల్లో బర్చ్ అనే శాస్త్రజ్ఞుడు 1958లో దీనిని వివరించాడు. అప్పటికి పైరు ఇంకా మొలక. అదే సమయంలో యూరియా అంతా కుమ్మరిస్తే చాలా భాగం వృథా అవుతుంది. అందుకే వరికి నాటే ముందు, పిలకలు వేసేటప్పుడు, అంకురం ఏర్పడేటప్పుడు దఫాలుగా వేయమంటారు. ఎండుగడ్డిని కలియదున్నితే మాత్రం సూక్ష్మజీవులే నత్రజనిని పట్టి ఉంచుకుంటాయి. పైరు కొన్నాళ్ళు పాలిపోతుంది. లేత జీలుగ, జనుము కలియదున్నితే త్వరగా కుళ్ళి నత్రజనినిస్తాయి.

మోతాదు మించితే డబ్బు దండుగ కావడంతో ఆగదు. పైరు ఏపుగా పెరిగి పడిపోతుంది. దోమ, అగ్గితెగులు ఎక్కువవుతాయి. మిగిలిన నైట్రేట్ భూమిలోకి ఇంకి బావుల్లోకి చేరుతుంది. తాగే నీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటరాదని మన దేశ ప్రమాణం.

రైతును తప్పుపట్టి ప్రయోజనం లేదు. పంట దెబ్బతింటుందేమోనన్న భయంతో ఆయన మరో బస్తా వేస్తాడు. ఆ భయాన్ని పోగొట్టేది నమ్మదగిన సమాచారమే. భూసార పరీక్ష ఫలితం విత్తనం వేయకముందే రైతు చేతికి అందాలి. అందిన కాగితాన్ని చదివి చెప్పేవారూ ఉండాలి.

ఆ పని మీరు చేయగలరు. 2015లో మొదలైన భూసార ఆరోగ్య కార్డు మీ ఇంట్లో ఉంటే తీసి చూడండి. సేంద్రియ కర్బనం 0.5 శాతం కన్నా తక్కువైతే నేల పేదది, 0.75 దాటితే మంచిది. కార్డు లేకపోతే పరీక్షకు మట్టి పంపమని నాన్నగారితో చెప్పండి. పశువుల ఎరువు, పచ్చిరొట్ట వేసి నేల వాటాను ఏటేటా పెంచుకోవచ్చని కూడా చెప్పండి.